ఆరు చెంచాలకు సరిపోయే జార్

"ఇంట్లో మిక్సీ ఉండాది గదా, నీ ఒక్కదానికి ఇంగొకటి ఎందుకు?" అన్నాడు నా భర్త మునిశేఖర్, షాపు షట్టరు ఎత్తుతూ.

పుత్తూరు బజారులో మాకు పాత్రలు, కుక్కర్లు, మిక్సీలు అమ్మే షాపు ఉంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆయన. సరుకు చూసి ఎంచేది, బేరం తెంచేది, చెడిపోయినవి కంపెనీకి తిప్పి పంపేది నేను. మిక్సీ కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ ముందు వాట్లు అడుగుతారు. నేను మాత్రం ఇంట్లో ఎంతమంది, ఏం రుబ్బుతారు అని అడుగుతాను. మిషనును దాని బలం చూసి కొనకూడదు, దాంట్లో పడే సరుకు చూసి కొనాలి. పదకొండేళ్లుగా ఊరందరికీ ఈ మాట చెప్పి అమ్మాను. ఇప్పుడు సరుకు నాది, పూటకు ఆరు చెంచాలు.

ఇరవై రోజుల కిందట తిరుపతిలో నాకు బరువు తగ్గే ఆపరేషను చేశారు. నూట పద్దెనిమిది కిలోలుండేదాన్ని. మెట్లు ఎక్కితే మోకాళ్ల నొప్పి, ఎక్కకపోయినా షుగరు. పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. రెండు వారాలు నీళ్లలాంటివి తాగించి, ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి తినమన్నారు. అక్కడ తిండి సంగతులు చూసే కృపారాణి చిన్నపిల్లే గాని మాట గట్టిది. లోపలి కుట్లు ఇంకా పచ్చిగానే ఉంటాయనీ, ఒక్క పలుకు కూడా తగలకూడదనీ, గుడ్డూ పప్పూ కోడిమాంసమూ ముందనీ, నూనె, కారం, పులుపు జోలికి పోవద్దనీ చెప్పింది. ఆపరేషనుకు ముందు రోజుకు ఏమేం తింటానో అడిగి రాసుకుంది కూడా. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం కొంచెం సంగటి, రాత్రి ఒక చపాతీ అన్నాను. కాగితం వైపు, నా వైపు చూసి, ఇంతే తింటే ఇంత బరువు రాదమ్మా అంది. నేను అబద్ధం చెప్పలేదు. వడ్డించుకున్నది చెప్పాను. మిగిలింది చెప్పలేదు. అది కూడా తినడం కిందికి వస్తుందని నాకు తోచనే లేదు.

మా అత్త శకుంతలమ్మది ఒకటే మాట. "పారేస్తే లక్ష్మి పోతాది మే, నువ్వు తినేసెయ్." ఇరవై రెండేళ్లుగా ఆ మాట మీదే నా పొట్ట నడిచింది. పిల్లలు సగం తుంచి వదిలిన దోసె, ఆయన పళ్లెంలో ఆరిపోయిన పెరుగన్నం, గిన్నె అడుగున అంటుకున్న సంగటి, రేపటికి పులిసిపోయే కూర. ఆకలి తీరినాక తినే తిండి అది. రుచి ఉండదు, తిన్నానన్న తృప్తి ఉండదు, ఒళ్లు మాత్రం ఉంటుంది. ఒకసారి షాపులో కుక్కరు కొంటున్న ఆడవాళ్ల ముందు మునిశేఖర్ నా వైపు చేయి చూపించి, "మా ఇంట్లో ఎంత పెద్ద కుక్కరైనా ఈమెకే చాలదు" అన్నాడు. వాళ్లు నవ్వారు. నేనూ నవ్వుతూనే ఆ కుక్కరును పెట్టెలో సర్ది తాడు కట్టి ఇచ్చాను. బేరం చెడగొట్టకూడదు కదా.

ఆ మధ్యాహ్నం షాపులో జనం లేనప్పుడు ఉడికించిన పెసరపప్పు, కోడిగుడ్డు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ముందురోజు ఇంటి మిక్సీ పెద్ద జారులో ఆరు చెంచాల సరుకు వేస్తే సగం గోడలకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. చట్నీ జారులో నలిగింది గాని, మూత రబ్బరుకు పట్టిన వెల్లుల్లి, మిరపకాయల వాసన ఎన్నిసార్లు కడిగినా పోలేదు. షాపులో ఉన్నవాటిలో, చేత్తో పట్టుకుని తిప్పే బ్లెండరు మునగడానికి లోతు చాలలేదు. చార్జింగు పెట్టి వాడేది పండ్లకు సరే, మాంసానికి ఆగిపోతుంది. చివరికి గ్లాసంత జారుండి, బోర్లించి తిప్పే చిన్న బ్లెండరు తీశాను. బ్లేడు అడుగునే ఉంది, రబ్బరు ఊడదీసి కడగొచ్చు. చల్లార్చి వేయాలి, వేడిగా వేసి మూత బిగిస్తే ఆవిరి తన్నుతుంది. రుబ్బిన దాన్ని టీ వడకట్టులో పోసి చెంచాతో రుద్దాను. అన్నిట్లోకీ దానిది మాత్రమే పైన ఏమీ మిగలకుండా దిగింది. ఆ మిషనునే కడిగి సంచిలో వేసుకున్నాను.

ఇంటికొచ్చాక అత్త దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాగుండాది. ఇంగ బాధ లేదు. ఏం మిగిలినా దీంట్లో ఏసి తిప్పుకుని తాగేసెయ్యొచ్చు" అంది. ఆమె ఎగతాళికి అనలేదు. నిజంగానే సంతోషపడింది. ఇంట్లో కొన్నాళ్లుగా నిలిచిపోయిన పనికి దారి దొరికినట్టు ఆమె ముఖం తేటపడింది.

మర్నాడు అందరూ తిన్నాక గిన్నెలో కాస్త వంకాయ పులుసు, పిడికెడు సంగటి ఉన్నాయి. ఆ పూట నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు. నా చెయ్యే వాటిని ఆ జారులో వేసింది. వడకట్టులో రుద్దితే ఒక్క పలుకు తగల్లేదు. మూడో చెంచాకు రొమ్ము ఎముక కింద రాయి అడ్డం పడినట్టయింది. బాత్రూము గచ్చు మీద గంటసేపు కూర్చున్నాను. చింతపండు పులుపు ముక్కులోకి ఎక్కింది. లేచి కృపారాణికి ఫోను చేశాను. ఏం తిన్నారని అడిగింది. ఈసారి నిజం చెప్పాను, మిగిలింది తిన్నానని.

"కుట్టు ఊడిందంటే మళ్లీ పొట్ట తెరవాల్సొస్తుందమ్మా" అంది. "అందరికంటే ముందు మీది మీరు తినండి. ఆరు చెంచాలకు అర్ధగంట పట్టాలి. మధ్యలో దేనికీ లేవకండి."

అమ్మేవాళ్లకు తెలుసు, ఏ పాత్రకైనా ఇంతే పడుతుందని ఒక కొలత ఉంటుంది. దాన్ని మించి కుక్కితే పగిలేది పాత్రే, కుక్కిన చెయ్యి కాదు. నా ఒంటి విషయంలో ఆ కొలత ఇప్పటిదాకా నేనే చెప్పలేదు.

మర్నాడు ఒంటిగంటకు సంగటి కెలికి, పులుసు దించి, గిన్నెలు వరుసగా పెట్టాను. తర్వాత ఉడికిన గుడ్డు, పప్పు నా జారులో తిప్పుకుని, చిన్న గిన్నెలో పోసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నప్పుడు మునిశేఖర్ షాపు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"వాడొచ్చినాడు మే, సంగటి పెట్టు" అంది అత్త.

మింగి, చెంచా కింద పెట్టాను. "గిన్నెలు ఆడ ఉండాయత్తా. ఎవురు ఎంత తింటే అంతే పెట్టుకోండి. మిగిలితే నాకొద్దు."

"మిగిలితే మరి ఎవురు తినాల?" అంది ఆమె.

కోపంగా అడగలేదు. ఆమెకు నిజంగానే తెలియదు. ఇరవై రెండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ అడగవలసిన అవసరం రాని ప్రశ్న అది. నేను చెంచా మళ్లీ అందుకున్నాను. మునిశేఖర్ తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. కాసేపటికి లేచి గరిటె అందుకున్నాడు. రెండు ముద్దలు వేసుకున్నాడు. పళ్లెంలోకి చూసుకుని, ఆలోచించి, ఒకటి తీసి గిన్నెలో పెట్టేశాడు.

నేనింకా రెండో చెంచాలోనే ఉన్నాను.