నిప్పు ముట్టనిది

పెద్దకూతురు జ్యోతిని సమాధి చేసిన తర్వాత, చర్చివాళ్లు పెట్టిన ఆదరణ కూడిక రోజున, సవరమ్మ ముందు ఎవరో అన్నం, పప్పుచారు వడ్డించి పెట్టారు. ఆవిరి లేస్తున్న ఆ అన్నం వైపు ఆమె కాసేపు చూసింది. తర్వాత విస్తరిని రెండు చేతులతో దూరంగా నెట్టేసింది.

"దీన్ని నిప్పు ముట్టింది. నాకొద్దు."

దుఃఖంలో అన్న మాటేలే, రేపటికి సర్దుకుంటుందిలే అనుకున్నారు అందరూ. సర్దుకోలేదు.

ఆగిరిపల్లిలో తల్లీ పెద్దకూతురూ ఇద్దరే ఉండేవాళ్లు. సవరమ్మ మామిడి తోటల్లో కాయలు ఏరే పనికి వెళ్లేది. ఆ సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ ఉంటే, "ఉండమ్మా, కూర వేడి చేస్తా" అంటూ జ్యోతి వంటింట్లోకి వెళ్లింది. సిలిండర్ పైపు దగ్గర గ్యాస్ లీకవుతోందని ఆమెకి తెలియలేదు. అగ్గిపుల్ల గీసింది.

చిన్నకూతురు రోజీ తల్లిని నూజివీడులోని తన ఇంటికి తెచ్చుకుంది. రోజీ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. భర్త ఇమ్మానుయేల్ ఆటోలో మార్కెట్‌కి మామిడికాయలు తోలుతాడు. సవరమ్మ వాళ్లింట్లో మొదట్లో మామిడిపళ్లు, కొబ్బరినీళ్లు తీసుకునేది. కొన్నాళ్లకి అవి కూడా దిగలేదు. గొంతులో మంటగా ఉందనేది. మంచినీళ్లు తాగినా ముఖం చిట్లించేది.

చల్లగా ఉంటే తింటుందేమోనని ఇమ్మానుయేల్ ఐస్‌క్రీమ్ కప్పు తెచ్చాడు. సవరమ్మ చెంచా ముంచబోయి ఆగింది.

"పాలు కాచే చేస్తారు కదయ్యా దీన్ని?"

అతను అబద్ధం చెప్పలేకపోయాడు. "కాస్తారండీ అత్తయ్యగారూ" అన్నాడు. ఆమె కప్పు పక్కన పెట్టేసింది.

దాంతో నిప్పు ముట్టని ఐస్‌క్రీమ్ తనే చెయ్యాలని మొదలుపెట్టింది రోజీ. చక్రకేళి అరటిపళ్లు ముక్కలు కోసి ఫ్రీజర్‌లో గడ్డ కట్టించింది. చిన్నరసాల గుజ్జు పిండింది. పచ్చికొబ్బరి రుబ్బి పాలు తీసింది. పంచదార వెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది, అది చెరుకురసం కాచి చేసేదే. బెల్లమూ అంతే. చివరికి విస్సన్నపేట వైపు నుంచి తేనె తెప్పించింది. అన్నీ కలిపి మిక్సీలో తిప్పి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టింది. గడ్డకట్టాక గిన్నెలో తెచ్చి ఇస్తే సవరమ్మ నాలుక చివర పెట్టుకుని చూసింది. గొంతు మండలేదు కాబోలు, ఇంకో చెంచా తీసుకుంది. గిన్నె ఖాళీ అయింది. రోజీ వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆమెకి వేరే ధ్యాస లేకపోయింది. ఖర్జూరం, కొబ్బరి కలిపి ఉండలు చుట్టేది. నానబెట్టిన పెసరపప్పు మెత్తగా రుబ్బి, కొబ్బరిపాలూ తేనే కలిపి పాయసమని ఇచ్చేది. మిక్సీ ఆగితే కుట్టుమిషను, మిషను ఆగితే మిక్సీ. అయినా తల్లి జాకెట్లు వదులైపోతూనే ఉన్నాయి. పక్క కుట్లు వేసి బిగించిన జాకెట్టుకే మళ్లీ కుట్లు వెయ్యాల్సి వచ్చేది. బిగించడానికి గుడ్డ ఉంది, మనిషే తరిగిపోతోంది.

డాక్టరు చూసి, "పళ్లతో సరిపోదమ్మా, ఒంట్లో బలం లేదు. ఈ ప్రోటీన్ పొడి దేన్లోనైనా కలిపి ఇవ్వండి. ఇలాగే ఉంటే అడ్మిట్ చెయ్యాలి" అన్నాడు.

అది పాలు కాచి చేసిన పొడి. రోజీ డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత మూత తీసి, మామిడి ఐస్‌క్రీమ్‌లో కలిపేసింది.

సవరమ్మ ఒక చెంచా తిని ఆగింది. "ఏదో వాసనొస్తోందే. ఏం కలిపావు?"

"ఏం లేదమ్మా."

సవరమ్మ కూతురి ముఖంలోకి అదోలా చూసింది. గిన్నె కింద పెట్టి, గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత గోడ పట్టుకుని మెల్లగా లేచి వంటింట్లోకి వెళ్లింది. మిక్సీ వెనక డబ్బా దొరికింది. వచ్చి మళ్లీ పడుకుంది.

ఇక ఐస్‌క్రీమూ మానేసింది.

ఆసుపత్రికి పోదామంటే మంచం పట్టె వదల్లేదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేస్తే కళ్లు మూసుకుంది గానీ ఆమేన్ అనలేదు. బయట గాలివానకి రాలిన కాయలు ఆటోల్లో పోతున్నాయి. రసాల కాలం అయిపోతోంది. మామిడి కూడా పోతే ఇంకేం పెట్టాలి? రోజీకి అదే దిగులు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మిక్సీని తెచ్చి తల్లి మంచం పక్కనే పెట్టింది. "నీ కళ్ల ముందే చేస్తానమ్మా. చూడు, మామిడి గుజ్జు. చూడు, కొబ్బరి. ఇదిగో తేనె. ఇంకేం లేదు, చూడమ్మా" అంటూ ఒక్కోటీ ఎత్తి చూపించింది. సవరమ్మ ఇటు తిరగలేదు. ఐస్‌క్రీమ్ గిన్నెలోనే కరిగి పసుపుపచ్చ నీళ్లయింది.

రోజీ నేల మీద కూలబడింది.

"నేనేం చెయ్యనమ్మా? అక్కని నిప్పు తీసుకుపోయింది, నిన్ను నేనే చంపుకుంటున్నానా? నేను పొయ్యి వెలిగించి ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? అగ్గిపెట్టె పట్టుకుంటే చేతులు వణుకుతాయి. ఆయనే నాలుగు మెతుకులు ఉడకేసుకుని తోలకానికి పోతున్నాడు."

మంచం కిర్రుమంది. సవరమ్మ ఇటు తిరిగింది.

"మరి నువ్వేం తింటున్నావే?"

"నీ గిన్నెలో మిగిలింది."

సవరమ్మ చెయ్యి చాచి కూతురి మోచెయ్యి పట్టుకుంది. ఎముక చేతికి తగిలింది. చాలాసేపు వదల్లేదు.

"ఆ రోజు గుమ్మంలోకే వాసనొచ్చింది నాకు" అంది. "ఏంటే జ్యోతీ, ఏదో వాసనొస్తోంది అన్నాను. ఏం లేదమ్మా అంది. నేను నమ్మి కాళ్లు కడుక్కుంటూ ఉన్నా. నువ్వూ అదే మాటన్నావు."

రోజీ తల్లి మోకాళ్ల మీద తల పెట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు, ఒకరినొకరు ఊరుకోబెట్టుకోకుండా.

చివరికి సవరమ్మే అంది, "ఆ డబ్బా పట్రా."

"వద్దులేమ్మా."

"పట్రమ్మన్నానా? వేస్తే నాతో చెప్పి వెయ్యి. నా ముందు వెయ్యి."

రోజీ కరిగిన ఐస్‌క్రీమ్‌లోనే పొడి వేసి కలిపింది. సవరమ్మ చూస్తూ ఉంది. మొదటి చెంచాకి కక్కొచ్చినట్టయి నోరు చేత్తో మూసుకుంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. మింగింది. రెండో చెంచా కూతురి నోటికి అందించింది.

ఆ సాయంత్రం ఇమ్మానుయేల్ రాగానే సవరమ్మ తనే ఆటో ఎక్కుతానంది. ఆసుపత్రిలో సెలైన్లు పెట్టారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదన్నారు.

సవరమ్మ బతికింది. పొడి కలిపిన పళ్ల గుజ్జు తింటోంది గానీ అన్నం మాత్రం ఇంకా ముట్టలేదు. వండిందేదైనా ముందు పెడితే ఇప్పటికీ పళ్లెం జరిపేస్తుంది. ఎప్పుడు ముడుతుందో, అసలు ముడుతుందో లేదో డాక్టర్లూ చెప్పలేకపోయారు. రోజీ అడగడం మానేసింది. మామిడి పోయి సీతాఫలాలు వచ్చాయి. పొద్దున్నే తల్లీ కూతుళ్లు వాకిట్లో కూర్చుని వాటి గింజలు తీస్తూ, గుజ్జు గిన్నెలోకి జారుస్తుంటారు. గింజలు తియ్యడం చాలా ఆలస్యమయ్యే పని. ఇద్దరికీ తొందర లేదు.