బొంతకి బుధవారం స్నానం

గడియారాల మేస్త్రికి మతి పోతోంది. ఆగిపోయిన గడియారాన్ని విప్పి చూస్తే దుమ్మో, తుప్పో, విరిగిన పన్నో ఎక్కడో ఒకచోట దొరికి తీరుతుంది. ఈ కుక్కలో ఏ లోపమూ దొరకదు, రోగం మాత్రం రోజురోజుకీ ముదురుతోంది.

దాని పేరు బొంత. ఒత్తయిన బొచ్చు చూసి ఆయన భార్య ముద్దుగా పెట్టింది. ఇప్పుడా బొచ్చు ఊడి, నడుము మీద అరచేతి వెడల్పున బోడి మచ్చలు తేలాయి. చర్మం పొడిబారి పొట్టు రాలుతోంది. నేలకేసి వీపు రాసుకుంటూ, తొడలు కొరుక్కుంటూ అది ఇల్లంతా తిరుగుతుంటే మేస్త్రికి ముద్ద దిగడం లేదు.

భార్య పోయి నాలుగు నెలలు. ఆసుపత్రి మంచం మీద ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "బొంతకి వారం వారం స్నానం చేయించే పూచీ మీదే. పిల్లలకి తీరికెక్కడిది? వాళ్ళతో అనకండి, మమ్మల్ని నమ్మలేదని చిన్నబుచ్చుకుంటారు," అంది. ఆయన మాటిచ్చాడు. ఆవిడ ఆయన్ని అడిగిన ఆఖరి పని అదే. దుకాణానికి సెలవు బుధవారం. ఇంట్లో కొడుకూ కోడలూ లేని ఆ పూట బొంతను తొట్టిలో నిలబెట్టి, తన ఒంటి సబ్బే తీసుకుని నురుగు తేలేలా రుద్దుతున్నాడు. అంత శ్రద్ధగా తన ఒళ్ళు తను రుద్దుకున్న పాపాన పోలేదు.

అయినా ఇదేమిటి? కంటికి భూతద్దం తగిలించుకుని, పట్టకారుతో వెంట్రుక వెంట్రుకా పాయదీసి చూశాడు. పేను లేదు, పిడుదు లేదు. తిండి మార్చాడు. పడక మార్చాడు. ఒక శనివారం దుకాణం నుంచి వచ్చేసరికి బొంత తడిసి ఉంది. వానా లేదు, వరదా లేదు. ఏ గుంటలో దిగిందోనని తుడిచి ఊరుకున్నాడు. సబ్బులు కూడా ఎప్పుడూ లేనిది ఇట్టే అరిగిపోతున్నాయి. అంతా అయోమయం. తన చేతుల్లోనే ఏదో శని ఉందని, ఆవిడకిచ్చిన ఒక్క మాటా నిలబెట్టలేకపోతున్నానని కుంగిపోయాడు.

చివరికి ముగ్గురూ కలిసి బొంతను పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ కుక్క చర్మం గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూసి పెదవి విరిచింది.

"పురుగూ లేదు, బూజూ లేదు. స్నానం ఎన్నాళ్ళకోసారి?"

"వారానికోసారి," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"ఎవరు చేయిస్తారు?"

"నేనే," అన్నారు మళ్ళీ ముగ్గురూ.

కొడుకు నీళ్ళు నమిలాడు. "సోమవారం పొద్దున్న, నాన్నా. నువ్వు దుకాణానికి వెళ్ళాక. అమ్మ నాకొక్కడికే చెప్పింది."

"మరి శనివారాలు నేను చేయిస్తున్నానే, మన ఒంటి సబ్బుతోనే!" అంది కోడలు బిత్తరపోయి. "ఎవరితోనూ అనొద్దన్నారు అత్తయ్య."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "వారానికి మూడుసార్లా! అదీ మనుషుల సబ్బుతోనా! చర్మంలో ఊరే జిడ్డే కుక్క బొచ్చుకి రక్ష. అది ఊరేలోపే మీరు కడిగి పారేస్తున్నారు. నెలకొక్కసారి చాలు. కుక్కల షాంపూతో రుద్ది, నురుగంతా పోయేదాకా కడిగి, తడి లేకుండా తుడవండి. రోజూ దువ్వండి. అదే కోలుకుంటుంది."

మేస్త్రి గుండెల మీంచి బరువు దిగింది. దిగిన చోటే ఇంకేదో గుచ్చుకుంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, తన్నొక్కణ్ణే నమ్మి చెప్పిందనుకున్న మాట ముగ్గురికీ చెప్పిందా? కోపం తెచ్చుకోవాలో నవ్వాలో ఆయనకి తెలియలేదు.

"నాకు చెప్పాక మళ్ళీ మీకెందుకు చెప్పినట్టు?" అని అడిగాడు.

కొడుకు నేలచూపులు చూశాడు. కోడలే మెల్లగా అంది. "మీకే చెబుదామనుకున్నారట, మావయ్యా. చెప్పినా మర్చిపోతారని..."

మేస్త్రి తల ఊపాడు. నిజమే. పెళ్ళిరోజులు మర్చిపోయాడు, ఆవిడ మందులు తేవడం మర్చిపోయాడు, ఒకసారి ఆవిణ్ణే బస్టాండులో మర్చిపోయి ఇంటికొచ్చేశాడు. వంగి, బొంత బోడి నడుము మీద చెయ్యి వేశాడు.

"పదిహేడు బుధవారాలు," అన్నాడు. కొడుకుతో అన్నాడో, కుక్కతో అన్నాడో అక్కడున్నవాళ్ళకి అర్థం కాలేదు. "ఒక్కటి కూడా మర్చిపోలేదే నేను."