మూత తీయని ఎర్ర పెన్ను

మా ఆయన సురేంద్ర కార్డు మీద ‘డిజైన్ ఇంజనీర్’ అని ఉంటుంది. సౌదీలోని రాస్ తనూరాలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీద ‘పని చేయరాదు’ అని ఉంటుంది. అందుకే ఆయన డ్రాయింగులు నేను గీస్తాను. దాన్ని పని అనరు, కాపురం అంటారు.

ఈ ఏడాది ఆయన డ్రాయింగులు రెండు, తప్పులున్నాయని తిరిగొచ్చాయి. మూడోది తిరిగొస్తే ఎగ్జిట్ కొట్టించి ఇండియాకు పంపేస్తామని మేనేజరు చెప్పేశాడు. ఆ రెండూ ఆయన సొంతంగా గీసినవి.

అనంతపురంలో మెకానికల్ చదివి బయటపడిన తొమ్మిదేళ్లకు నాకు మొదటి ఇంటర్వ్యూ వచ్చింది. దమ్మామ్‌లో, కాంట్రాక్టర్ల డ్రాయింగులు పరిశీలించే ఆఫీసు. ఎంపికైతే పర్మిట్ సంగతి వాళ్లే చూసుకుంటామన్నారు. ఇంటర్వ్యూ చేసినాయన మహబూబ్ సుభాని, కర్నూలు మనిషి.

“మన సీమ పిల్లవు. అడ్డమైన ప్రశ్నలేం అడగన్లేమ్మా,” అంటూ ఒక డ్రాయింగు, ఎర్ర పెన్ను నా ముందుకు తోశాడు. “నిన్ననే వచ్చింది, నేనింగా సూడల్యా. తప్పుంటే సున్నా చుట్టు. పట్టుకున్న్యావంటే సీటు నీదే.”

గీసినవాళ్ల పేరు మీద తెల్లకాగితం అంటించారు. ఎంత మూత పెట్టినా, మన వంట మనకు వాసనకే తెలుస్తుంది. అది నేను గీసిందే.

తప్పు రెండు నిమిషాల్లో దొరికింది. వాల్వు చక్రం సగం తిరగ్గానే పక్కనున్న ఉక్కు స్తంభానికి తగులుతుంది. ఆ రోజు కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ గీశాను. విజిల్స్ లెక్క మాత్రం తప్పలేదు.

చుడితే ఉద్యోగం నాది. చుడితే డ్రాయింగు తిరిగిపోతుంది, ఆయనకు ఎగ్జిట్ పడుతుంది. ఆయన ఇఖామా పోతే దాని తోక పట్టుకుని ఉన్న నాదీ పోతుంది. ఏ దేశంలో ఉండి చేయాలి ఆ ఉద్యోగం?

“ఏం కనపల్యా?” అన్నాడు సుభాని.

“అంతా బాగుంది సార్.”

“ఇంగోసారి సూడమ్మా. తొందరేం లేదు.”

మూత తీయని పెన్ను ఆయన చేతికిచ్చాను.

టాక్సీ దిగి చెప్పులు కూడా విప్పకుండా లాప్‌టాప్ తెరిచి, వాల్వును పక్కకు జరిపాను. వాళ్లు చూసేలోపు మనమే దిద్ది పంపితే తిరిగొచ్చినట్టు కాదు.

“మీరే పట్టుకున్నట్టు రాసి, ఇప్పుడే పంపండి,” అన్నాను మా ఆయనతో.

“యాడుందే తప్పు?” అన్నాడు ఆయన. చూపించినా కనపడలేదు. పంపేశాడు.

నాలుగో రోజు ఇద్దరికీ మెయిళ్లు వచ్చాయి. తన తప్పు తానే పట్టుకునే ఇంజనీర్లు అరుదని సుభాని ఆయన్ను మెచ్చుకున్నాడు. నాకు వచ్చినదాంట్లో, కాంట్రాక్టరే గమనించి దిద్దుకున్న తప్పు నాకు కనబడలేదు కనుక, డిజైన్‌కు కావలసిన పరిశీలన నాలో లేదని ఉంది. మళ్లీ దరఖాస్తు చేయనక్కర్లేదట.

ఆయన తన మెయిలు మూడుసార్లు చదువుకున్నాడు. కొత్త డ్రాయింగు కాగితాలు నా పప్పుగిన్నె పక్కన పెట్టాడు.

“అయినా మే, ముందే సరిగ్గా సూసింటే ఇంత తిప్పల ఉండేది కాదు గదా?”

“నిజమేనండీ. నాకు పరిశీలన తక్కువ. రాతపూర్వకంగా కూడా ఇచ్చినారు,” అని కుక్కర్ ఎక్కించి, కాగితాలు ముందుకు లాక్కున్నాను.