టీచరుగారి బోణీ

మా మామ్మ రత్తమ్మకి దేవుడి మీద నమ్మకం కాస్త అటూ ఇటూ అయినా, బోణీ మీద మాత్రం గట్టి నమ్మకం. పొద్దున్న గంపలోంచి అమ్ముడయ్యే మొదటి చేప ఏ చేతి మీదుగా పోతే, ఆ రోజు బేరమంతా ఆ చేతిని బట్టే ఉంటుందనేది. నాకు ఏడేళ్ళప్పుడు ఒకరోజు సరదాకి నేను అందించిన చేపతో బోణీ అయింది. ఎండ ముదరకముందే గంప ఖాళీ. అంతే, సాయిదుర్గ చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. మంచి పేరు తెచ్చుకోవడం ఎంత ప్రమాదమో నాకు అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి మామ్మ నన్ను బడి మాన్పించి, గంపతో పాటు పెద్దాపురం ఆటో ఎక్కించడం మొదలుపెట్టింది.

మామ్మని తప్పు పట్టలేను. మా నాన్న వేటకెళ్ళి తిరిగి రాలేదు. ఆ బెంగతోనే అమ్మ కూడా పోయింది. సముద్రం ఒడ్డున మా ఇంట్లో మిగిలింది మామ్మా, నేనూ, ఆ గంపా. గంప అమ్ముడైతే అన్నం, లేకపోతే గంజి. అలాంటప్పుడు మంచి చెయ్యి ఇంట్లో పెట్టుకుని ఎవరు మాత్రం బడికి పంపుతారు?

నేను కనిపించకపోయేసరికి మా టీచరు సీతారామలక్ష్మిగారు ఇంటికే వచ్చారు. ఆవిడ రోజూ సామర్లకోట నుంచి బస్సులో వచ్చేవారు. సన్నగా, గాలికి ఎగిరిపోయేలా ఉండేవారు గానీ పట్టు పడితే ఉడుమే.

"పిల్లని బడికి పంపట్లేదేంటండి?" అన్నారు.

"బడి ఎక్కడికీ పోదు కదండి. బేరం పోద్దండి," అంది మామ్మ. "ఇది చెయ్యెయ్యకపోతే గంప కదల్దండి. పిల్లని ఎండలో తిప్పడం నాకు మాత్రం సరదా ఏంటండి?"

ఇంకొకరైతే మూఢనమ్మకాల మీద ఒక ఉపన్యాసం ఇచ్చి, బస్సు టైమయిందని వెళ్ళిపోయేవారు. టీచరుగారు అరుగు మీద కూర్చున్నారు.

"పిల్ల ఎన్ని చేపలు అందించాలండి?"

"ఒక్కటి చాలండి. మొదటిది."

"అది ఎక్కడ అమ్మినా ఫరవాలేదా?"

"ఎక్కడైతే ఏంటండి, కొనేవాళ్ళుండాలి గానీ."

"అయితే రేపటి నుంచి మా బడి గేటు దగ్గర బోణీ చెయ్యండి. నేను కొంటాను."

మామ్మ నమ్మలేదు. కానీ మర్నాడు గేటు దగ్గర గంప దింపేసరికి టీచరుగారు స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఒక చేప తీసి డబ్బాలో వేశాను. ఆవిడ బేరమాడకుండా అక్కడికక్కడే డబ్బులిచ్చారు. అరువు బోణీ పనికిరాదని ఎవరో చెప్పి ఉంటారు. నేను చెయ్యి కడుక్కుని ప్రార్థన లైనులోకి పరిగెత్తాను.

అలా ప్రతిరోజూ జరిగింది. నేను లోపలికి పోయినా మామ్మ కదిలేది కాదు. చేప అమ్మితే సరిపోదు, ఎలా వండాలో చెప్పాలి, అది మామ్మ వ్యాపార ధర్మం. చందువాకి మసాలా ఎక్కువైతే పాడవుతుందండి, కానాగంతలకి చింతపండు గట్టిగా పడాలండి అని చెప్పుకుపోయేది. టీచరుగారు తలూపుతూ వినేవారు. సాయంత్రం దాకా చేప పాడైపోదా అని మామ్మ అడిగితే, వీరదుర్గ ఉప్పూ పసుపూ రాసి ఉంచుతుందండి అనేవారు. వీరదుర్గ అంటే బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ. మర్నాడు మామ్మ "ఎలా కుదిరిందండి?" అని అడగడం, టీచరుగారు "చాలా బాగా కుదిరిందండి" అనడం మామూలే.

ఏడాది తిరిగేసరికి మామ్మ ఒక రహస్యం కనిపెట్టింది. బేరం బాగుంటున్నది నా చేతివల్ల కాదట, టీచరుగారి చేతివల్లట. దాంతో నా పరపతి పోయింది, నా చదువు నిలబడింది. సెలవుల్లో కూడా మామ్మ నన్ను పిలవడం మానేసింది.

నేను హైస్కూలుకి వెళ్ళాను, నర్సింగు చదివాను, ఈ మధ్యే కాకినాడలో ఉద్యోగంలో చేరాను. టీచరుగారు మధ్యలో బదిలీ అయి వెళ్ళి, చివరికి మళ్ళీ మా బడికే వచ్చారు. మొన్న ఆగస్టు చివర ఆవిడ రిటైరయ్యారు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా గోదావరి వాళ్ళు. మామ్మ మెళ్ళో పుస్తెలు ఏనాడో పోయాయి కాబట్టి నా మొదటి జీతం పెట్టి పులస కొన్నాం. పులస పులుసు మర్నాటికే రుచి కాబట్టి మామ్మ ముందురోజే వండింది.

బడిలో సన్మానం అయ్యాక మామ్మ గిన్నె తీసుకెళ్ళి టీచరుగారి ముందు పెట్టింది.

"ఇన్నాళ్ళూ నా బోణీ కొన్నారండి. ఇవాళ నా చేతి వంట తినాలండి."

టీచరుగారు గిన్నె వైపు చూశారు. పక్కనున్న వీరదుర్గ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఆవిడ నీచు ముట్టరే రత్తమ్మా. పుట్టాక ఒక్క ముక్క తిన్లేదు."

మామ్మ ముఖం పాలిపోయింది. "మరి ఇన్నేళ్ళ చేపలూ?"

"ఏ పిల్లాడు అన్నం మూడోసారి అడిగితే వాళ్ళింట్లో పొద్దున్న పొయ్యి వెలగలేదని లెక్క. ఆ చేప ఆ ఇంటికి పోయేది. ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నారు."

వెనకనుంచి ఎవరో గట్టిగా ముక్కు చీదారు. నాతో చదివిన దొరబాబు, ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. "మా నాన్న కాలిరిగి పడుకున్నప్పుడు మా ఇంటికి వచ్చేది ఆ చేపేనా అత్తా?" అన్నాడు. వీరదుర్గ తలూపింది.

మామ్మకి అదేమీ వినిపించినట్టు లేదు. రెండు చేతులూ జోడించింది. "నీచు తినని తల్లికి రోజూ చేప అంటగట్టానా? వండుకునే తీరు కూడా చెప్పానే. ఎంత నవ్వుకున్నారో ఏంటో."

"నవ్వలేదండి," అన్నారు టీచరుగారు. "చందువాకి మసాలా తక్కువ. కానాగంతలకి చింతపండు గట్టిగా. పులసకి బెండకాయలు వెయ్యాలి, గరిటె పెట్టి తిప్పకూడదు, గిన్నెనే కదపాలి. అవునా?"

మామ్మ జోడించిన చేతులు దించింది. "తిననివాళ్ళకి ఇవన్నీ ఎందుకండి?"

"మొదట్లో మీరు గేటు దగ్గర గంప ఎత్తేదాకా నాకు భయంగా ఉండేదండి, మనసు మార్చుకుని పిల్లని పిలుస్తారేమోనని. మీరు వంట చెబుతున్నంతసేపూ సాయిదుర్గ లోపల కూర్చుని అక్షరాలు దిద్దుకునేది. అందుకని ఎంత చెబితే అంతా వినేదాన్ని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆగాలని కూడా అనిపించలేదు. రోజూ ఆ గేటు దగ్గర ఆవిడ డబ్బా పట్టుకుని నిలబడితే, చేపల మీద ఇష్టమనుకున్నాను. అదంతా నా మీద ఇష్టం. ఆ ఋణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

మామ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని గిన్నె వెనక్కి తీసుకోబోయింది. టీచరుగారు ఆపారు. వరండాలో భోజనానికి కూర్చున్న పిల్లల వైపు చూపించి, "పిల్లలకి పెట్టండి. బోణీ మాత్రం నాదే," అన్నారు.

మామ్మ చేతిలోంచి గరిటె తీసుకుని, ఒక ముక్క విరగకుండా జాగ్రత్తగా ఎత్తి, వరస చివర కూర్చున్న చిన్నపిల్ల కంచంలో వేశారు. వేసి, ఆ పిల్ల పక్కనే కింద కూర్చున్నారు.

"నెమ్మదిగా తిను తల్లీ. దీనికి ముళ్ళెక్కువట, రత్తమ్మగారు చెప్పారు."