పొద్దుటి బేరం

చండ్రుగొండ దాటి అడవి మొదలయ్యే చోట అమీరున్నీసాకు రెండు గదుల ఇల్లుంది. సెలవులకు వచ్చేవాళ్లకు రోజు కిరాయికి ఇస్తుంది. అడవి చూడడానికి వచ్చినవాళ్లు వంటమనిషి సోమ్లి చేసిన నాటుకోడి కూర తిని, అడవి సంగతే మరిచిపోయి వెళ్తారు. ఆ ఇంటికి పేరు తెచ్చింది సోమ్లి వంటే.

ముంచుతున్నది మాత్రం అమీరున్నీసా మెతకతనం. ఆమె పుట్టింటివాళ్లకు సత్తుపల్లిలో గాజుల దుకాణం. పొద్దున మొదటి బేరాన్ని వెనక్కి పంపకూడదు, బోణీ చెడితే ఆ రోజంతా చెడుతుంది అని వింటూ పెరిగింది. అందుకే మొదటి ఫోన్‌లో ఎవరు తగ్గించమన్నా తగ్గించేసేది. ఒకరికి తగ్గించాక రెండోవాళ్లకు కాదనడానికి మొహం చెల్లేది కాదు. ఈ గుట్టు కనిపెట్టిన పుణ్యాత్ముడెవరో ఇంటర్నెట్‌లో రాసిపెట్టాడు: 'పొద్దున ఏడింటిలోపు అడగండి, కాదనదు.' ఇంకేముంది, కోడి కూయకముందే ఫోన్ కూయడం మొదలైంది.

సోమ్లి మూడు నెలలు ఓపిక పట్టి, గురువారం సాయంత్రం తేల్చి చెప్పింది. "అక్కా, వాళ్లకు కిరాయి తగ్గిస్తవ్, నాకు జీతం తగ్గిస్తవ్. సోమవారం నుంచి మొక్కల నర్సరీ పనికి పోత."

సోమ్లి పోతే ఆ గదులకు తాళమే. ఆ రాత్రి అమీరున్నీసాకు కంటి మీద కునుకు లేదు.

శుక్రవారం ఆరున్నరకు ఫోన్ మోగింది. కొత్తగూడెం నుంచి సారంగపాణి అట, బొగ్గుగనిలో చేసి రిటైరైనాయన.

"ఆరుగురం వస్తం, రేపు, ఎల్లుండి రెండు గదులు కావాలమ్మా. ఏమన్న తగ్గియ్యరాదు?"

సరేనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"తగ్గది సార్," అంది అమీరున్నీసా. "సెలవు రోజుల్ల రేటు గింతే. వారం నడుమ వస్తే తక్కువ, అది ఎవరికైనా ఒకటే. తిండి గూడ అండ్లనే. వండే మనిషికి నిండు జీతం ఇయ్యాలె గదా."

"అట్లనా," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

అమీరున్నీసా గుమ్మంలో కూలబడింది. బోణీ బేరాన్ని చేజేతులా తరిమేసింది! ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఫోన్ ఉలకలేదు, పలకలేదు. పుట్టింటివాళ్లు వింటే ఏమంటారోనని తనను తానే తిట్టుకుంది.

పదింటికి మళ్లీ సారంగపాణే చేశాడు.

"మా ఇంటామెను అడిగినమ్మా. వండేటామెకు నిండు జీతమిచ్చే ఇంట్ల మనకు కడుపునిండ పెడతరు, గక్కడికే పోదాం అన్నది. పైసలు మొత్తం పంపిన, చూసుకోండ్రి."

అమీరున్నీసా చూసుకుంది. రూపాయి తగ్గలేదు. గుండెల మీది బండ దిగినట్టయి, ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అలాగే వంటింట్లోకి పరుగెత్తి సోమ్లి చేతులు పట్టుకుంది.

"రేపు ఆరుగురు వస్తున్రు సోమ్లీ! పూరా కిరాయి!"

"ఆదివారం సాయంత్రం పోతరా?"

"అవ్. సోమవారం ఎవ్వరూ లేరు." ఆ మాటతో అమీరున్నీసా నవ్వు సగంలో ఆగింది.

సోమ్లి చేతులు విడిపించుకుని పొయ్యి ఊదింది.

"లేకుంటే లేరు తియ్యక్కా. దుప్పట్లు ఉతికేదుంటది గదా, సోమవారం జల్దీ వస్త."