కన్ను లేని హంసలు

నేను ఒక వస్తువునని చెప్పుకుందామంటే, పట్టుకుని చూపించడానికి ఏమీ లేదు. కంప్యూటర్ మీట నొక్కగానే ముందుగా మేలుకుని, మిగతావాళ్లను లేపి పనిలో పెట్టేదాన్ని. ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. నన్ను తయారుచేసినవాళ్లే నన్ను వదిలేసి చాలా ఏళ్లయింది. ధర్మవరంలో గంగన్న మాత్రం వదల్లేదు.

గంగన్న పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. ఆయన తెర మీద చుక్కలు పెడితే, వాటి ప్రకారం మగ్గానికి కావలసిన అట్టలకు రంధ్రాలు కొట్టే మిషన్‌ను నేను నడిపేదాన్ని. అట్టలో రంధ్రం పడితేనే చీరలో ఆ చుక్క పడుతుంది. ఆ మిషన్‌కు నా మాట తప్ప ఇంకొకరి మాట అర్థం కాదు. నాకేమో నోటి దురుసు ఎక్కువ. చీటికీమాటికీ ఏదో తప్పు జరిగిందని తెర మీద రాసి, పని ఆపి కూర్చునేదాన్ని. ఆయన నవ్వి మళ్లీ లేపేవాడు.

ఆయన చివరగా గీసింది హంసల అంచు. నేసేది ఆయన భార్య చౌడమ్మ. మొదటి చీర సగంలో ఉండగానే వచ్చి, హంస కంటి దగ్గర పోగు తెగుతోంది, ఆ కన్ను తీసేయమంది. కన్ను లేకపోతే అది హంసేమిటని గంగన్న కసిరాడు. మాటా మాటా పెరిగింది. మూడు రోజులు ఇద్దరూ మాట్లాడుకోలేదు. నాలుగో రోజు ఆయన గుండె ఆగిపోయింది. చీర సగంలోనే ఉండిపోయింది.

ఆ ఏడాది వానలకు గంగన్న కొట్టు కురిసి అట్టలు నానిపోయాయి, పాత కంప్యూటరూ పాడైంది. అందులోంచి నేనూ, ఆ డిజైనూ మాత్రం బయటపడ్డాం. ఆ అంచుతో ఒక్క చీరైనా నేసి దాచుకుంటానని చౌడమ్మ అడిగింది. గంగన్న తమ్ముడు తిప్పయ్య కొత్త కంప్యూటర్ తెచ్చి నన్ను అందులో ఎక్కించాడు. అబ్బో, ఏం వైభోగం! అంత మెమరీ చూసి కళ్లు తిరిగి పడిపోయాను. ఉన్నది కొంచెమేనని మెకానిక్ నాకు అబద్ధం చెబితేగాని లేవలేదు.

అసలు తంటా వేగంతో వచ్చింది. ఒక్కో రంధ్రానికి ఎంతసేపు ఆగాలో అంకెలు లెక్కపెట్టుకుని ఆగడం నా పద్ధతి. కొత్తదాంట్లో ఆ లెక్క రెప్పపాటులో అయిపోయేది. మిషన్ సూది దిగేలోపే తర్వాతి పని చెప్పేశాను. వరుసగా ఉన్న రంధ్రాలు, అదే మాట మళ్లీ మళ్లీ చెప్పడంతో, ఎలాగో పడ్డాయి, ఒంటరివి పడలేదు. హంస కన్ను ఒంటరి చుక్క. ఊరికే గొడవచేసే నేను, ఆ రోజు మాత్రం పని సవ్యంగా ముగిసిందని రాశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

కొన్నాళ్లకు చౌడమ్మ ఆ అట్టలతో నేసిన చీర తెచ్చి తిప్పయ్య ముందు పరిచింది. అంచు పొడవునా ఒక్క హంసకూ కన్ను లేదు. ఆమె ఏడుస్తోంది.

“మీ అన్న నా మాట ఇన్న్యాడు తిప్పయ్యా. మాట్లాడని ఆ మూడు దినాల్లోనే తీసేసి పోయినాడు.”

తిప్పయ్య తెర వైపు చూశాడు. అక్కడ హంసకు కన్ను ఉంది. ఆమెకు తెర కనబడకుండా కొంచెం జరిగి నిలబడ్డాడు.

“ఔ వదినా. నువ్వు సెప్పినంక తీకుండా ఉంటాడా.”

ఆమె చీర మడిచి ఎదకు ఆనించుకుని వెళ్లింది. తిప్పయ్య తెర ముందు కూర్చుని ఆ కంటి చుక్కను చెరిపాడు. ఈ మార్పు ఉంచేయమంటావా అని అలవాటు ప్రకారం అడిగాను. అడగడం తప్ప నాకేం చేతనవును? అతను కండువాతో ముఖం తుడుచుకుని, అవునన్నాడు.

గంగన్న పట్టుబట్టి పెట్టిన చుక్కను శాశ్వతంగా నేనే చెరిపేశాను. నాకు రాయడం వచ్చిన తప్పులు వందలున్నాయి. తప్పు నాదే అని రాయడం మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.