సంకల్పంలో పేరు

మా తాతలు ఏలిన రాజ్యంలో మాకు మిగిలింది ప్రత్తిపాడు దగ్గర పత్తిచేలు, చేలో పురుగుని రాల్చే ఒక మంత్రం. మంత్రం పెద్దకూతురిదే. పూజగదిలోకి అక్క ఒక్కతే వెళ్లేది.

మంత్రం ఊరికే పనిచేయదని, చేసినవాళ్ల నుంచి ఏదో ఒకటి తీసుకుంటుందని అమ్మ చెప్పేది. తొంభై ఆరులో పురుగు రాలింది. నా నాలుకకి కారం తెలియకుండా పోయింది. మరుసటేడు, చనిపోయిన అమ్మ ముఖం మరిచిపోయాను. చేసేది అక్క కదా, నాకే ఇంత పోతే తనకెంత పోయిందోనని కుమిలిపోయాను. అడిగితే "చెప్పకూడదే" అని నా తల నిమిరేది. పిచ్చిదాన్ని, కరిగిపోయేదాన్ని.

ఈ ఏడు ఎన్ని మందులు కొట్టినా పచ్చపురుగు చావలేదు. అక్క మళ్లీ పూజకి కూర్చుంది. పూలు మరిచిపోయిందని తలుపు దాకా వెళ్లాను. లోపల సంకల్పం చెబుతోంది. గోత్రం అయ్యాక, తన పేరు చెప్పాల్సిన చోట "కోటేశ్వరి" అంది.

కోటేశ్వరిని నేను.

పూజ అయ్యేదాకా అక్కడే నిలబడి మంత్రమంతా విన్నాను. అక్క బయటికి రాగానే దారికి అడ్డం నిలబడ్డాను.

"నా పేరెందుకు చెప్పావక్కా?"

"పెద్దదాన్ని. నాకేమన్నా అయితే వంశం ఏం కావాలే?" గొంతు కూడా వణకలేదు.

"మంత్రం నాకూ వచ్చేసింది. వచ్చే ఏడు నేను కూర్చుంటా, నీ పేరు మీద!"

అక్క నా కళ్లలోకి చూసింది.

"ఏదీ, నా పేరు చెప్పు చూద్దాం."

నోరు తెరిచాను. అక్క పేరు గుర్తుకు రాలేదు.